నిండుకున్న దేశం

సుభిక్షదేశంలో ‘లేదు’ అనే మాట లేదు. ఈ వాక్యాన్ని ఆ దేశంలో నిలబడి పైకి చదివితే రెండు నేరాలు చేసినట్టు.

దానికో కథ ఉంది. ఇప్పటి మహారాజుగారి తాతగారు ఒకనాడు భోజనానికి కూర్చుని, వేడన్నంలోకి గోంగూర పచ్చడి అడిగారట. వంటవాడు చేతులు నలుపుకుంటూ “లేదు ప్రభూ” అన్నాడట. పుట్టి బుద్ధెరిగాక తాతగారు ఆ మాట వినడం అదే మొదలు. విస్తరి ముందు నుంచి లేచి వెళ్ళి మంచమెక్కారు. ఆస్థాన పండితులు కూడి ఆలోచించారు. పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారు గనక ఎవరేదంటే అదే జరుగుతుందనీ, దేశంలో ఏది కొరవడినా ఎవరో ‘లేదు’ అనబట్టేననీ తేల్చారు. అలా పుట్టింది అశుభవాక్య నిషేధ చట్టం.

ఇళ్ళల్లో ఆడవాళ్ళు బియ్యం అయిపోతే ‘నిండుకున్నాయి’ అంటారు, దీపం ఆరితే ‘కొండెక్కింది’ అంటారు. అది ఇంటి మర్యాద. సర్కారువారు ఆ మర్యాదని చట్టం చేసి, దాని చేతికి బేడీలిచ్చారు. విడిగా ‘లేదు’ అన్నా నేరమే, మాట చివర తోకలా తగిలించినా నేరమే. ‘ఖాళీ’ అన్నా, ‘అయిపోయింది’ అన్నా అదే లెక్క. అందుకని అక్కడ ఎవరూ ‘మావాడు ఇంకా రాలేదు’ అనరు, ‘దారిలో ఉన్నాడు’ అంటారు. ‘జ్వరం తగ్గలేదు’ అనరు, ‘జ్వరం కులాసాగా ఉంది’ అంటారు. వానలు మొహం చాటేసిన ఏడుని ఆకాశం విశ్రాంతి తీసుకున్న సంవత్సరం అంటారు. జైలుని రాజాతిథ్యం అంటారు. ఈ విధంగా దేశంలో కరువనేది పూర్తిగా పోయింది. తిండి మాత్రం దొరికేది కాదు.

పేరిందేవమ్మ ఆ దేశపు పట్నంలో, సర్కారు గాదెల వెనక వీధిలో కొడుకుతో కాపురముంటోంది. భయపడటం ఆమెకి ఊపిరి తియ్యడంలాంటిది. పాలు పొంగితే ఇల్లంటుకుంటుందని భయం. కొడుకు తుమ్మితే క్షయేమోనని భయం. తుమ్మకపోతే లోపల ఏదో అడ్డం పడిందేమోనని భయం. వీధిలోవాళ్ళు నవ్వుకునేవారు గానీ, ఆవిడ భయానికి అర్థం ఉంది. భర్త సన్యాసయ్య సర్కారు గాదెల దగ్గర ధాన్యం కొలిచేవాడు. ఒకనాడు గాదె అడుగు ఊడ్చి, బయట ఎదురుచూస్తున్న బండివాడితో “ఇంక లేదురా, బండి తిప్పుకో” అన్నాడు. అలిసిపోయి అన్నమాట. కొత్వాలు చెవిన పడింది. రాజాతిథ్యానికి తీసుకెళ్ళారు. అక్కడ ఆయనకి ఎంత మర్యాద జరిగిందంటే, తిరిగి ఇంటికి రానేలేదు. ‘తమ భర్త పరిపూర్ణత పొందినారు’ అని సర్కారు కబురు పంపింది.

అప్పటినుంచి మిగతా తల్లులు పిల్లలకి మాటలు నేర్పుతుంటే పేరిందేవమ్మ తన బిడ్డకి మాట్లాడకపోవడం నేర్పింది. ఆ బిడ్డ నూకరాజు పెద్దవాడై సర్కారు అచ్చాఫీసులో తప్పులు దిద్దే పనిలో చేరాడు. అచ్చుకెళ్ళే కాగితాల్లో ఎక్కడైనా ‘లేదు’ కనిపిస్తే కొట్టెయ్యడం అతని పని. తలదించుకుని వెళ్ళేవాడు, తలదించుకుని వచ్చేవాడు. ఆ తల్లికి అంతకంటే ఏం కావాలి.

అలాంటి దేశంలోకి ప్రజాస్వామ్యం వచ్చింది.

ఊరికే రాలేదు, ఓడ వెంట వచ్చింది. పై దేశాలవాళ్ళు ధాన్యం నింపిన ఓడనొకదాన్ని తీసుకొచ్చి రేవులో ఆపారు. ప్రజలు పాలించుకునే దేశానికైతే ధాన్యం దింపుతామనీ, బజారుకి స్వేచ్ఛ కూడా ఇవ్వాలనీ కబురు చేశారు. మహారాజుగారు ఉదారులు. ‘అటులనే’ అన్నారు. వీధివీధినా డప్పు వేశారు.

“ఇందుమూలంగా యావన్మంది ప్రజలకూ తెలియజేయునది ఏమనగా, వచ్చే సోమవారం శుభముహూర్తమున ప్రజలకు అధికారము ఇవ్వబడును. ఇంటికొకరు వచ్చి పుచ్చుకొనవలెను. పుచ్చుకొననివారిపై తగు చర్య తీసుకొనబడును.”

సోమవారం జనం వెళ్ళి వరసలో నిలబడి అధికారం పుచ్చుకొచ్చారు. ఓట్ల పెట్టె ఒకటే పెట్టారు, దానిమీద ‘చిత్తం’ అని రాసుంది. పాత మంత్రులంతా తలపాగాలు తీసి టోపీలు పెట్టుకుని ప్రజాపక్షమయ్యారు. ఆ వారంలోనే ధరల విమోచనోత్సవం జరిగింది. మహారాజుగారు మేడ మీద నిలబడి ఒక చేత్తో పావురాలనీ, ఇంకో చేత్తో ధరలనీ ఒకేసారి వదిలారు. పావురాలు సాయంత్రానికి గూటికి చేరాయి.

దుకాణాలు తెల్లవారకముందే తెరవాలని ఆజ్ఞ వచ్చింది. షావుకార్లు తెరిచి, ఖాళీ గోనెల పక్కన కూర్చుని, వచ్చినవాళ్ళందరికీ ‘నిండుకున్నాయి’ అని స్వేచ్ఛగా చెబుతున్నారు.

ఇంతలో ఓడవాళ్ళ దగ్గర్నుంచి ఇంకో మాట వచ్చింది. అందరూ ఒక పక్షమే అయితే ఎలా, ప్రతిపక్షం ఏదీ, అని. మంత్రులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అడిగితే ‘ఉంది’ అనాలి గదా. ఉందన్నారు. అన్నాక వెతకడం మొదలెట్టారు.

పేరిందేవమ్మ పెరట్లో అంట్లు తోముతుండగా వీధిలో పల్లకీ ఆగింది. దిగినాయన ప్రజాస్వామ్య ప్రతిష్ఠాపన శాఖాధ్యక్షులు వేదాద్రిరావుగారు. ఆయన మాట్లాడితే సర్కారు కాగితం నడిచొచ్చి నోరు విప్పినట్టుంటుంది.

“అమ్మా, శుభం. తమ కుమారుడు చిరంజీవి నూకరాజుగారికి ప్రతిపక్షము ప్రాప్తించినది.”

ఆవిడ చేతిలో గిన్నె జారి నుయ్యి దాకా దొర్లుకుపోయింది. “పితృపక్షమా? అదేం మాట బాబూ. నా బిడ్డ బతికే ఉన్నాడు. అదిగో, పళ్ళు తోముకుంటున్నాడు.”

“పితృపక్షం కాదమ్మా, ప్రతిపక్షం. ఏతావతా, ప్రభుత్వమువారు అతనిని ప్రభుత్వ వ్యతిరేకిగా నియమించి యున్నారు.”

“పితృపక్షమే నయంలాగుందండీ,” అంది పేరిందేవమ్మ గోడకి ఆనుకుంటూ. “వాడు చీమకి కూడా ఎదురుచెప్పని పిల్లాడు. ఊళ్ళో ఇంతమందుండగా వీడే దొరికాడా మీకు?”

“అర్హతలు పరిశీలించితిమి. ఆ నిషిద్ధపదము అక్షరములలో ఎట్లుండునో ఎరిగిన ఉద్యోగి దేశము మొత్తము మీద ఇతనొక్కడే. నిత్యము దానిని కొట్టివేయుచున్నాడు గదా. అనుభవజ్ఞుడు.”

నూకరాజు నోట్లో వేపపుల్లతో అలాగే నిలబడ్డాడు. “నాకొద్దండి,” అన్నాడు.

వేదాద్రిరావుగారి మొహం వికసించింది. “చూచితిరా, అప్పుడే వ్యతిరేకించుచున్నాడు.”

“వద్దంటే వదిలెయ్యండి బాబూ. మీకు దణ్ణం పెడతాను,” అంది తల్లి.

“అమ్మా, ప్రభుత్వమును వ్యతిరేకించుటకు నిరాకరించినచో, ప్రభుత్వమును వ్యతిరేకించినట్లు పరిగణించి రాజాతిథ్యమునకు పంపబడును. వ్యతిరేకించినచో జీతము ఇవ్వబడును. మీరే ఆలోచించుకొనుడు.” ఆయన పల్లకీ ఎక్కుతూ వెనక్కి తిరిగి, “గంధపు బొట్టు పెట్టి పంపండి. శుభకార్యము,” అని చెప్పి వెళ్ళాడు.

మర్నాటి నుంచి నూకరాజుకి శిక్షణ. శిక్షణ ఇవ్వడానికి పెట్టిన వ్యాకరణ పండితుడికి జీవితంలో ఎవరినీ ఎదిరించిన అలవాటు లేదు, పుస్తకంలోంచి చెప్పాడు. మంత్రి ఏ క్రియ వాడితే ఆ క్రియకే వ్యతిరేక రూపం వెంటనే చెప్పాలి. సొంత కవిత్వం కూడదు. వ్యతిరేక రూపం అంటే తోకన ‘లేదు’ రాక తప్పదు గనక, శాఖవారు న్యాయస్థానానికి వెళ్ళి ప్రత్యేకానుమతి తెచ్చారు. సభలో నేల మీద సున్నంతో ఒక గుండ్రం గీస్తారు. ఆ గుండ్రంలో నిలబడి ఉన్నంతసేపూ ప్రతిపక్షం ఆ మాటని తోకగా మాత్రం వాడుకోవచ్చు. విడిగా వాడినా, కాలి బొటనవేలు గీత దాటినా రాజాతిథ్యమే. కొత్వాలు గుర్రప్ప గుండ్రం పక్కనే బేడీలతో నిలబడతాడు.

ఇది విన్నాక పేరిందేవమ్మకి తిండి సయించలేదు. తిండి ఎలాగూ లేదు గనక ఆ సంగతి ఎవరికీ తెలియలేదు. పక్కింటి కొండమ్మ పలకరించడానికి వచ్చింది.

“మీ వాడికి ఉద్యోగం పెరిగిందటగా పేరిందేవీ. గుండ్రంలో నిలబెడతారట?”

“శవాన్నీ అలాగే పడుకోబెట్టి ముగ్గు వేస్తారు తల్లీ,” అంది ఆవిడ.

సాయంత్రాలు కొడుకుని ఇంటి మధ్య నిలబెట్టి చుట్టూ బియ్యప్పిండికి బదులు బూడిదతో గుండ్రం గీసేది. “అను నాయనా, మెల్లిగా అను. తోక మాత్రమే. ముందు తల ఉండాలి. తల ఊడిందంటే మీ నాన్న దారే.” అతను అనేవాడు. అన్నప్పుడల్లా ఆవిడ తలుపు సందులోంచి వీధిలోకి చూసి వచ్చేది.

సభ రోజు వచ్చింది. ముందు వరసలో పై దేశాల పెద్ద దొర, పక్కన దుబాసీ. ఈ దుబాసీ తెలుగుని సముద్రం అవతల కూర్చుని నిఘంటువులోంచి నేర్చుకున్న మనిషి. ప్రతి మాటకీ అర్థం తెలుసు, ఏ మాటా ఎవరి నోటా విని ఎరగడు. పైన ఆడవాళ్ళ వసారాలో పేరిందేవమ్మ కటకటాలు పట్టుకుని నిలబడి, కొడుకు బొటనవేలినే చూస్తోంది.

ఆహార మంత్రి లేచి గొంతు సవరించుకున్నాడు. “మహాజనులారా, మన ప్రభుత్వ పరిపాలనా దక్షత వలన దేశమందలి గాదెలన్నియు నిండుకున్నాయి.”

సభికులు నిట్టూర్చారు. అయిపోయాయని అందరికీ తెలిసిందే, ఇంత బాహాటంగా సర్కారు ఒప్పుకోవడం అదే మొదలు. ప్రజాస్వామ్యం నిజంగానే వచ్చినట్టుందని ఒక ముసలాయన కళ్ళొత్తుకున్నాడు.

దుబాసీ వంగి దొర చెవిలో, గాదెలన్నీ నిండిపోయాయట దొరగారూ, అని చెప్పాడు. దొర సంతోషంతో చప్పట్లు కొట్టాడు. అంత నిండి ఉంటే ఇంక మా ఓడెందుకు, లంగరెత్తి వెనక్కి తిప్పమని మనిషిని పంపబోయాడు.

ఆ సంగతి తెలిసి మంత్రుల మొహాలు పాలిపోయాయి. అసలు సంగతి విప్పి చెప్పడానికి ఏ మాట ఎత్తుకున్నా చివరికి ఆ మాటలోకే దిగుతోంది. ఆహార మంత్రి మళ్ళీ లేచి “చాలా నిండుకున్నాయి” అన్నాడు. దొర ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టాడు. అప్పుడు వేదాద్రిరావుగారు ప్రతిపక్షానికి కనుసైగ చేశాడు.

నూకరాజు గుండ్రంలో సర్దుకుని నిలబడ్డాడు. చెమటలు కారుతున్నాయి. పండితుడు చెప్పినట్టు, అమ్మ చెప్పినట్టు, క్రియ పట్టుకుని తోక తగిలించాడు.

“నిండుకోలేదు.”

గుర్రప్ప బేడీలు గలగలమంటూ పైకెత్తి, మాటకి తల ఉండటం గమనించి, మళ్ళీ దించాడు. పేరిందేవమ్మ ఊపిరి వదిలింది. వదిలీ వదలకముందే కింద జనం లేచారు. నిండుకోలేదంటే అయిపోలేదని గదా అర్థం.

“ఎక్కడుందిరా గింజ? మీ ఇంట్లో ఉందా?”

“సర్కారే నిండుకున్నాయని ఒప్పుకుంటే నువ్వొచ్చి ఉన్నాయంటావేట్రా, దొంగ సచ్చినోడా.”

ఒక చెప్పు ఎగిరొచ్చి సరిగ్గా గుండ్రంలో పడింది. నూకరాజు గీత దాటి తప్పుకోవడానికి వీల్లేక నిలబడే తిన్నాడు.

దుబాసీ మాత్రం దొర చెవిలో, నిండలేదంటున్నాడు దొరగారూ, అన్నాడు. దొర చప్పట్లు ఆపాడు. ఒకాయన నిండాయంటాడు, ఇంకొకాయన నిండలేదంటాడు. పోయి చూద్దాం పదండి అన్నాడు.

సభ సభంతా కదిలి గాదెల దగ్గరికి వెళ్ళింది. తలుపులు తీశారు. లోపల ఎలుకలు కూడా ఊరొదిలిపోయినట్టున్నాయి. ఒక మూల సాలీడు తన గూడు మధ్య నీరసంగా వేలాడుతోంది. ఆహార మంత్రి గుమ్మంలో నిలబడి ఛాతీ విరిచాడు.

“చూచుకొనవచ్చును. ప్రభుత్వము పలికినది అక్షరసత్యము. పూర్తిగా నిండుకున్నాయి.”

దొర ఖాళీ గాదెకేసి చూశాడు, మంత్రికేసి చూశాడు, దుబాసీకేసి చూశాడు. దుబాసీ నిఘంటువు తిరగేసి, మళ్ళీ తిరగేసి, మంత్రి అబద్ధాలకోరని తేల్చాడు. ఇంత పచ్చి అబద్ధాన్ని కళ్ళెదుట నిలబడి ఆడే ప్రభుత్వాన్ని దొర ఏ దేశంలోనూ ఎరగడట. నిజం చెప్పినవాడు ఆ గుండ్రంలో కుర్రాడొక్కడే, ప్రజాస్వామ్యంలో అలాంటివాడే ఏలాలన్నాడు. మహారాజుగారు ‘అటులనే’ అన్నారు.

పొద్దు వాలేసరికి నూకరాజు ప్రధానమంత్రి. పాత మంత్రులంతా గుండ్రంలో ఇరుక్కుని నిలబడి ప్రతిపక్షమయ్యారు. నిజం చెప్పిన ప్రభుత్వం పడిపోవడం, అబద్ధం చెప్పిన కుర్రాడు గద్దెనెక్కడం కళ్ళారా చూసి, ప్రజాస్వామ్యమంటే ఇదన్నమాట అని జనం చాలా తేలిగ్గా అర్థం చేసుకున్నారు.

పేరిందేవమ్మ ఇంటి ముందు పందిరి వేశారు. పందిరి చూస్తే ఆవిడకి పెళ్ళి గుర్తు రాలేదు.

కొత్త ప్రభుత్వానికి దొర ఒకటే మాట చెప్పాడు. ఈ నిండుడు గొడవ నాకు తల తిప్పుతోంది. దేశంలో తిండి ఉందా, లేదా? రెంటిలో ఒక మాట చెప్పండి. అదీ దేశం తరఫున, స్పష్టంగా. ఆ మాట వినగానే ధాన్యం దింపిస్తాను. రేపు మధ్యాహ్నం దాకా చూసి ఓడ తిప్పుకుంటాను.

ఏముంది, చట్టం రద్దు చేస్తే సరిపోతుందని నూకరాజు సభ పిలిపించాడు. రద్దు చెయ్యాలంటే ‘ఈ చట్టం ఇకమీదట లేదు’ అని సభాధ్యక్షుడు పైకి చదవాలి. చదివితే, చదవడం పూర్తయ్యేదాకా చట్టం అమల్లోనే ఉంటుంది గనక, సభాధ్యక్షుణ్ణి పట్టుకెళ్ళాలి. ఆయన తనకి ఆడపిల్లలున్నారన్నాడు. వేదాద్రిరావుగారు మధ్యేమార్గం చెప్పాడు.

“ఈ చట్టము నిండుకున్నది, అని తీర్మానించిన బాగుండును.”

అలాగే తీర్మానించారు. దుబాసీ దాన్ని, చట్టం నిండుగా తయారైందట, అని దొరకి చెప్పాడు. మునుపటికంటే గట్టిదైందా అని దొర ఆశ్చర్యపోయాడు. కొత్వాలు గుర్రప్పకి కూడా ఆ అర్థమే నచ్చింది. సభ బయట నూకరాజుకి వంగి దణ్ణం పెట్టి మరీ చెప్పాడు.

“తమరు మా ప్రభువులు. తమ మాట దాటను. కానీ ఆ మాట తమరి నోటంట వచ్చిందా, తమకి కూడా బేడీలు వేస్తానండి. చట్టానికి చుట్టరికాలు నిండుకున్నాయి.”

మర్నాడు మధ్యాహ్నం దొర ప్రధాని ఇంట్లో భోజనం చేస్తాడనీ, ప్రజల బతుకు చూస్తాడనీ, అక్కడే ఆ ఒక్క మాటా వింటాడనీ నిర్ణయమైంది. నూకరాజు పొద్దున్నే తలంటుకుని కొత్త పంచె కట్టుకున్నాడు. ఆ తయారవడం చూసి తల్లి పొయ్యి దగ్గర్నుంచి లేచొచ్చింది.

“నువ్వు అనడానికే నిశ్చయించుకున్నావా?”

“ఓడ రేవులో ఉందమ్మా. ఒక్క మాట. ఊరంతా తింటుంది.”

“ఆ ఒక్క మాటకేరా మీ నాన్న...” అని ఆగింది. “ఊరికి చెప్పులు విసరడం వచ్చింది గదా, మాట విసరడం రాదా? నువ్వే అనాలా? మరొకళ్ళెవరూ...” చివరి ముక్క గొంతులోనే మింగేసింది.

“ఎవరో ఒకరు అనాలి గదే.”

“ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ మన ఇంట్లోనే ఎందుకుంటారో నాకు అర్థమవదు,” అంది పేరిందేవమ్మ.

మధ్యాహ్నానికి దొర వచ్చాడు. చాప మీద మోకాళ్ళు ముడవడానికి చాలా అవస్థపడ్డాడు. దుబాసీ, వేదాద్రిరావుగారు చెరో పక్కన కూర్చున్నారు. నూకరాజు ఎదురుగా కూర్చున్నాడు. గుర్రప్ప గుమ్మంలో బేడీలు చేత పట్టుకుని, పెళ్ళివారింట కొబ్బరికాయ పట్టుకున్నవాడిలా వినయంగా నిలబడ్డాడు. పందిట్లో వీధి వీధంతా మూగింది. విస్తళ్ళు వేసి నీళ్ళు చల్లారు. పొయ్యి మీద ఎసరు కుతకుతలాడుతోంది. ఎసట్లో పోయడానికి ఏదీ లేకపోయినా, పొగ రాకపోతే ఇంటికి అప్రతిష్ఠని పొద్దుటినుంచి నీళ్ళే కాస్తోంది ఆవిడ.

“ఇప్పుడు ఈ దేశపు అన్నమును మా దొరవారు ఆరగింపగోరుచున్నారు,” అన్నాడు దుబాసీ.

వేదాద్రిరావుగారు నవ్వాడు. “తప్పక. అన్నపూర్ణ వంటి ఇల్లు. అమ్మా, వడ్డింపుడు.”

ఎవరూ కదల్లేదు. నూకరాజు పంచె సర్దుకుని, గొంతు సవరించుకున్నాడు. కొడుకు గొంతు సవరించుకోవడం పేరిందేవమ్మ వాడు పుట్టినప్పటినుంచీ వింటోంది. ఏడవబోతున్నాడో, అడగబోతున్నాడో, దగ్గబోతున్నాడో ఆ చప్పుడులోనే తెలుస్తుంది ఆవిడకి. గుర్రప్ప బేడీలు చేయి మార్చుకున్నాడు.

“దొరగారూ, మా దేశంలో తిండి...” అని మొదలెట్టాడు నూకరాజు.

“లేదు,” అంది పేరిందేవమ్మ.

వంటింటి గడప మీద నిలబడి అంది. అని, తల మీద ఏదైనా పడుతుందేమోనని కళ్ళు గట్టిగా మూసుకుంది. ఏదీ పడలేదు. ఒక కన్ను తెరిచింది. ఇంటి కప్పు ఉన్నచోటే ఉంది. కొడుకు కూర్చున్నచోటే ఉన్నాడు. అప్పుడు రెండో కన్ను కూడా తెరిచింది.

“అన్నం లేదు బాబూ. నిన్నా లేదు, మొన్నా లేదు. ఈ వీధిలో ఏ ఇంట్లోనూ లేదు. ఆ కుతకుతలాడేది వట్టి నీళ్ళు. మా ఆయన పరిపూర్ణుడూ కాలేదు, పాడూ కాలేదు. లేడు. అంతే.”

వేదాద్రిరావుగారు చటుక్కున లేచాడు. “దొరవారు మన్నింపవలెను. ఈమె భావమేమనగా...”

దుబాసీ చెయ్యి అడ్డం పెట్టాడు. ఈసారి నిఘంటువు తియ్యనే లేదు. దొర చెవిలో ఒకే ఒక్క ముక్క చెప్పాడు. దొర విస్తరికేసి కాసేపు చూసి, లేచి నిలబడి, ధాన్యం దింపించమని రేవుకి మనిషిని పరుగెత్తించాడు.

గుర్రప్ప ముందుకొచ్చి ఆవిడ కుడి చేతికి బేడీ వేశాడు. “చట్టమమ్మా. ఏమీ అనుకోకండి.”

“వదులు,” అన్నాడు నూకరాజు. “నేను ప్రధానిని. చెబుతున్నాను, వదులు.”

“తమరు ఇవాళ ప్రధాని, నిన్న ప్రతిపక్షం. చట్టం అప్పుడూ ఇప్పుడూ చట్టమే ప్రభూ.”

“నువ్వూరుకో నాయనా, వాళ్ళతో గొడవ పెట్టుకోకు,” అంది తల్లి. తనని తీసుకెళ్తున్నారన్న భయం కంటే, కొడుకు గొంతు పెరిగినందుకు భయమెక్కువగా ఉంది. దండెం మీద దుప్పటి తీసుకుని మడిచి చంకన పెట్టుకుంది. గుమ్మందాకా నడిచి ఆగింది. ఆవిడకి కొత్త భయమొకటి పుట్టింది.

“కొత్వాలుగారూ, ఒక్క మాట. నాకు ఆకలికి కళ్ళు తిరుగుతాయి. రాజాతిథ్యంలో పూటకింత పెడతారా? అక్కడ బియ్యం ఉన్నాయా?”

గుర్రప్ప నోరు తెరిచాడు. ‘నిండు’ దాకా వచ్చాడు. ఇంటి మధ్య నుంచి దొర తననే చూస్తున్నాడు, దుబాసీ తననే చూస్తున్నాడు, వీధిలో కొండమ్మతో సహా అందరూ తననే చూస్తున్నారు. ఆతిథ్యంలో ఉన్నవాళ్ళకి పొద్దున తన చేతులతో పోసిన చింతాకు నీళ్ళు గుర్తొచ్చినట్టున్నాయి. తల దించుకుని, ఆవిడకి మాత్రమే వినిపించేలా అన్నాడు.

“లేవమ్మా.”

వాకిలి చిన్నది, అందరికీ వినిపించింది.

గుర్రప్ప నిజాయితీపరుడు. చట్టం ముందు ఎవరికీ మినహాయింపు ఇవ్వని మనిషి. బేడీల రెండో కొసని తన చేతికే తగిలించుకున్నాడు. ఇప్పుడు ఎవరు ఎవరిని తీసుకెళ్ళాలో తేలక, ఆవిడా అతనూ గుమ్మానికి అడ్డంగా నిలబడిపోయారు. లోపలివాళ్ళు బయటికి, బయటివాళ్ళు లోపలికి రావడానికి దారి ఆగిపోయింది.

ఇది పరిపాలనా సంబంధమైన చిక్కు గనక వేదాద్రిరావుగారు కల్పించుకున్నాడు.

“ఆందోళన వలదు. కొత్వాలును నిర్బంధించుటకు ఇంకొక కొత్వాలును పిలిపించెదము. ప్రస్తుతము మన వద్ద ఇంకొక కొత్వాలు...”

అక్కడ ఆగాడు. తరవాత రావాల్సిన మాట ఆయన నాలుక చివర నిలబడి ఉంది. మొహం ఎర్రబడింది, నుదుట చెమట పట్టింది. పందిట్లో జనం మెల్లిగా ముందుకి జరిగారు, ఆయన నోటికేసే చూస్తూ.

పేరిందేవమ్మకి జాలేసింది. చంకలో దుప్పటి జారకుండా సర్దుకుని, బేడీ ఉన్న చేత్తోనే పక్కనున్న చెంబు అందుకుని ఆయన ముందు పెట్టింది.

“అనెయ్యండి బాబూ, ఏం కాదు. అన్నాక కాసిన్ని మంచినీళ్ళు తాగండి. మొదటిసారి గదా, పొలమారుతుంది.”